నాకే జెప్పుండ్రి

మిషన్ దవాఖాన వరండాలో బల్లలు ఖాళీగా ఉన్నా కొమురమ్మ కింద బండల మీదే కూర్చుంది, వీపు గోడకు ఆనించి, వాకిలి కనబడేటట్టు, ఎవరొచ్చినా వాళ్ళు తనను చూడకముందే తను వాళ్ళను చూసేటట్టు. చేతిలో రేకు బిళ్ళ, దాని మీద పద్నాలుగో అంకె. పొద్దు బారెడెక్కింది, నర్సు సుశీల ఇంకా ఏడో బిళ్ళనే పిలిచింది. దళానికి చిట్టీలు మోసేవాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది: కలవాల్సిన మనిషి ఒక బీడీ కాల్చేంత సేపట్లో రాకపోతే లేచి దారి పట్టాలి, ఒకసారి కూర్చున్న చోట రెండోసారి కూర్చోకూడదు. మూడేళ్ళుగా ఆ కట్టుబాటే ఆమె ప్రాణం కాపాడింది. అలాంటి మనిషి ఇరవై రెండు రోజుల కింద కూర్చున్న చోటికే మళ్ళీ వచ్చి, అదే గోడకు అదే వీపు ఆనించి, ఎన్ని బీడీలు కాలిపోయాయో తెలియనంత సేపటి నుంచి కూర్చుని ఉంది. దళం పెద్ద ఎర్రయ్య చూస్తే నెత్తి కొట్టుకునేవాడు. కొట్టుకోనీ. నైజాం పోయి సర్కారు సైన్యం దిగి, దొరలు పోలీసుల వెనక నడుచుకుంటూ మళ్ళీ గడీల్లోకి చేరి, సంఘం వాళ్ళంతా గంగారం అడవిలోకి జరిగినప్పటి నుంచి ఆమె నడిచిన నడకంతా ఆయన పనుల మీదే. ఈ ఒక్క నడక తన పని మీద. బయల్దేరే ముందు ఆ మాటే అంది: "అన్నా, ఈసారి చిట్టీ నాదే, నేనే పోయి తెచ్చుకుంట." ఎర్రయ్య తన చెప్పులు విప్పి ఇచ్చాడు. అవి ఆమె కాళ్ళకు పెద్దవి, దారంతా టపటపమన్నాయి. మెట్ల కింద విడిచిన ఆ చెప్పుల్ని ఎవరన్నా ఎత్తుకుపోతారేమోనని అటో కన్ను వేసి ఉంచింది. ప్రాణం మీదికొచ్చి కూర్చున్నా కన్ను చెప్పుల మీదేనా అని తనకే నవ్వొచ్చింది.

ఆనాడు వచ్చింది మందుల కోసం. అడవిలో ఇద్దరికి తూటా గాయాలు చీము పట్టాయి. అయొడిన్ కావాలి, దూది కావాలి, జ్వరం బిళ్ళలు కావాలి. మానుకోట అని మనమూ మహబూబాబాద్ అని రైలు టేషను బోర్డూ చెప్పే ఈ ఊరి చివర మిషన్ దవాఖానలో కాంపౌండరు దేవదాసు సంఘానికి నమ్మిన మనిషి. ఆదివారం ప్రార్థన ఎంత గట్టిగా చేస్తాడో సోమవారం మందుల అల్మారా అంత మెత్తగా తెరుస్తాడు. "ఊరికెనే వచ్చి కూసుంటె అందరి కండ్లల్ల పడ్తవక్కా, ఆడోళ్ళ వరుసల నిలబడు, ఏదో నొప్పి అని జెప్పు" అన్నాడు. నిలబడింది. పేరు మైసమ్మ, ఊరు రేగొండ అని రాయించింది, పోయిన చోటల్లా ఒక కొత్త పేరు పెట్టుకోవడం ఆమెకు అలవాటే. ఏం నొప్పి అంటే పొత్తికడుపు అంది, ఎందుకంటే పొత్తికడుపు అన్నాక మగవాళ్ళు ఇంకో మాట అడగరు. కానీ తెర వెనక ఉన్నది మగవాడు కాదు, డాక్టరమ్మ. ముప్పై దాటిన ఏ ఆడదైనా, తలనొప్పి అని వచ్చినా సరే, బల్ల మీద పడుకోబెట్టి లోపల చూడనిదే వదలని మనిషి. లేచి పోదామంటే అనుమానం వస్తుంది. సరే, దళం కోసం ఇదీ ఒక పనేలే అని కళ్ళు మూసుకుంది. డాక్టరమ్మ దీపం దగ్గరికి జరిపి చూసింది, దూదితో అయొడిన్ పూసింది. ఏ అయొడిన్ కోసం పదిహేను కోసులు నడిచొచ్చిందో ఆ అయొడినే. పూసి మళ్ళీ వంగి అదే చోటు చూసింది. మంచి చోట గోధుమరంగు పడుతుందట, చెడ్డ చోట పట్టకుండా తెల్లగా నిలుస్తుందట. తెల్లగా నిలిచింది, గోరంత. ఆ గోరంతలోంచి చిటికెడు తుంచి మందునీళ్ళ సీసాలో వేసి, బిరడా మీద మైనం కరిగించి పోసింది. "దీన్ని రైల్లో పట్నం పంపుతాను. అక్కడ పెద్ద అద్దాల కింద పెట్టి చూస్తారు. మూడు వారాలు దాటాక రా. వచ్చేటప్పుడు నీ మగమనిషిని తీసుకురా" అంది.

మగమనిషిని తీసుకురా. ఆ మాట దగ్గరే ఆమె ఆలోచనకు కాలు ఇరుక్కుంది. బయటికొచ్చి మందులు విస్తరాకుల కట్టలో దూర్చుకుంటూ, మగమనిషి ఎందుకట అని దేవదాసునే అడిగింది. "మంచి కబురైతే ఆడోళ్ళకే జెప్పి పంపుతరక్కా, చెడ్డదైతే మగోళ్ళను పిలుస్తరు, గదే ఈడ రివాజు" అనేసి, అన్నాక నాలుక కరుచుకున్నాడు పాపం. మొదట్లో డాక్టరమ్మ ఆడవాళ్ళకే చెప్పేదట. విన్నవాళ్ళు విన్నట్టే పోయి మంత్రగాడి ముందు కూర్చున్నారట గానీ మళ్ళీ ఈ గడప తొక్కలేదట. మొగుడికి చెబితే బండి కట్టి తీసుకొస్తాడని అట్లా మార్చుకుందట. బాగుంది, బండీ మొగుడూ ఉన్నవాళ్ళకు. తన మొగుడు యాకయ్యను పోలీసులు పట్టుకుపోయి ఏడాదయింది. ఏ జైల్లో ఉన్నాడో కూడా రూఢిగా తెలియదు, ఒకరు వరంగల్ అంటారు, ఒకరు ఔరంగాబాద్ అంటారు. ఉన్నా ఏం చేసేవాడు? తుపాకి గొట్టం గుండెకు ఆనించినా రెప్ప వేయని మనిషి సూది చూస్తే సొమ్మసిల్లుతాడు. పచ్చబొట్టు పొడిచే ఎరుకలామె ఇంటి ముందుకొస్తే దొడ్డిదారిన పారిపోయేవాడు. ఈ డాక్టరమ్మ ఆయన్ను లోపలికి పిలిచి ఇట్లా ఇట్లా అని చెప్పిందనుకో, ముందు ఆయనకు మంచం వేయాలి. అనుకుంటేనే నవ్వు, నవ్వు వెంబడే ఏడుపు. ఎక్కడున్నవయ్యా యాకయ్యా, సల్లగుండు.

ఎనిమిది, అని పిలుపు. ఎవరో ముసలామె మోకాళ్ళు పట్టుకుని లేచింది. ఎనిమిదికీ పద్నాలుగుకూ మధ్య అయిదుగురు. కడుపులో అడుగున సన్నగా ఒక పోటు. పోటేనా, లేక ఉందనుకుంటే ఉందా? ఈ ఇరవై రెండు రోజులు ఆమెకు ఇదే పని. ప్రతి వాగు దగ్గరా ఆగడం, చెట్టు చాటుకు పోవడం, బట్ట చూసుకోవడం. నెత్తురు లేకపోతే ఎందుకు లేదు అని భయం, ఉంటే ఎందుకుంది అని భయం. ఇప్పపూలు ఏరుతూ వంగినప్పుడు నడుము పట్టేస్తే అదే అనుకుంది, పొద్దంతా ఏరితే ఎవరి నడుమైనా పట్టేస్తుందని గుర్తు రాలేదు. నీళ్ళబిందె ఎదురొస్తే మంచిదే అనుకుంది, ఖాళీబిందె ఎదురొస్తే ఆ బిందె మోసే పిల్లను వెనక్కి పంపి నింపుకుని రమ్మంది. ఎంత సిగ్గు! సంఘంలో చేరిన నాడే శకునాలు విడిచిపెట్టాను అని పదిమందిలో చెప్పిన మనిషి. పగలు ఎట్లాగో గడిచిపోతుంది, పనిలో పడి. కాళ్ళు ఆగిన చోటల్లా తనను కన్న అవ్వ గుర్తుకొస్తుంది.

అవ్వ పేరు లచ్చవ్వ. జనగామ అవతల వాళ్ళ ఊళ్ళో నాట్లకు లచ్చవ్వ దిగితే వరుస వంకర పోదని పేరు. ఆ అవ్వ ఒక ఏడాది పాటు కొట్టంలో ఎద్దుల పక్కన చాప పరుచుకుని పడుకుంది, ఇంట్లోకి రాకుండా. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. కడుపునొప్పి అనేది, చేయి మాత్రం కడుపు మీద కాకుండా నేల మీద పెట్టుకునేది. బట్టలు వాగులో జాడించి తెచ్చేది పదకొండేళ్ళ కొమురమ్మ. నీళ్ళు ఎర్రబడి, ఎర్రబడి, కిందికి పోయేవి. అవ్వా, ఏడ నొస్తున్నదే అని అడిగితే, "నీకెందుకే, పోయి బువ్వ తిను" అనేది. మంత్రగాడొచ్చి వేపమండలతో కొట్టి పోయాడు, దొర గడీలో నుంచి మాత్రం మనిషొచ్చి, పడుకుంటే వడ్లు ఎవరు దంచుతారు అని అడిగిపోయాడు. ఎద్దు పుండు కాకికి ముద్దా? అవ్వ లేచిపోయి దంచింది. దంచిన వారానికి పోయింది. పోయాక ముసలమ్మలు గుసగుసగా అన్నారు, రాచపుండు అని. కూలి చేసుకునేవాళ్ళ పుండుకు అంత పెద్ద పేరెందుకో ఆ వయసులో అర్థం కాలేదు. ఇప్పుడు కొమురమ్మ కూతురికి పదకొండేళ్ళు. జనగామ దగ్గరే, అక్క ఇంట్లో ఉంది. ఆ పిల్ల వాగులో ఏ బట్టలు జాడించకూడదు, అంతే, ఇంకేమొద్దు. కొమురమ్మకు కళ్ళు తడిశాయి, కొంగు ఎత్తితే పక్కవాళ్ళు చూస్తారని అట్లాగే ఆరనిచ్చింది.

తొమ్మిది. పది. దూరంగా రైలు కూత. కాజీపేట వైపు నుంచి వచ్చేది. టపా దాన్లోనే వస్తుంది. తన చిటికెడు మాంసం ఆ పట్టాల మీదే పోయింది, జనగామ మీదుగానే పోయింది, కూతురు పొలం గట్టున నిలబడి ఆ రైలును చూసే ఉంటుంది. అనుకోవద్దు. చిట్టీలు మోసే పనిలో మొదటి పాఠం ఇదే కదా, ఎర్రయ్య నేర్పిన పాఠం: మోసేవాళ్ళు చిట్టీలో ఏముందో ఊహించొద్దు. ఊహ మొదలైందంటే మొహంలో కనబడుతుంది, మొహంలో కనబడితే పోలీసులు దారి ఆపి సోదా చేసే నాకాబందీ దగ్గర దొరికిపోతావు. అందుకే ఆమె దారిని ముక్కలు చేసి నడిచేది. ముందు ఆ వాగు దాకా. తర్వాత ఆ మోదుగుచెట్టు దాకా. ఎవరి చావుబతుకులో మడతల్లో ఉన్న కాగితాన్ని ఒంటికి కట్టుకుని, ఏమీ తెలియని మొహంతో, గార్ల మీదుగా ఎన్నిసార్లు పోయిందో. ఒక్క చిట్టీ పారేసుకోలేదు. ఒక్కటి విప్పలేదు. ఇప్పుడూ అట్లాగే అనుకుంది, ఇది కూడా ఒక చిట్టీ, నా ఒళ్ళు మోస్తోంది, చేర్చేదాకా ఊహించొద్దు. ఆ కిటుకు సగం దారి దాకా పనిచేసింది. ఆ తర్వాత ఒక సంగతి తట్టి ఆగిపోయింది: అన్ని చిట్టీలూ వేరేవాళ్ళ పేరు మీద ఉండేవి, ఇది మైసమ్మ పేరు మీదున్నా తనకొచ్చిన చిట్టీ. మరి దీన్ని మగవాళ్ళ చేతికి ఇస్తామంటారేం?

అయినా అసలు ఊహ ఒకటుంది, దాన్ని దాటిపోదామని ఇంతసేపూ చుట్టూ తిరుగుతోంది. చిట్టీ ఎక్కడ దాచేది ఆమె? కొప్పులో దాద్దామంటే కొప్పులు విప్పిస్తున్నారు. రొట్టెల్లో పెడదామంటే రొట్టెలు తుంచుతున్నారు. గార్ల రైలు గేటు దగ్గర మొదటిసారి జవాన్లు ఆడవాళ్ళను వరుసలో నిలబెట్టి ఒంటి మీద చేతులు వేస్తుంటే, తన వంతు వచ్చేసరికి నోట్లోంచి అదే ఊడిపడింది: "ముట్టయిన్న నాయినా, ముట్టుకోకుండ్రి." అంతే. లాఠీ వెనక్కి పోయింది. కుర్చీలో ఉన్న జమేదారు మొహం అటు తిప్పుకుని, "పోనీయండిరా దాన్ని, పొద్దున్నే అంటు" అని అరిచాడు. ఆ రోజు నుంచి చిట్టీ ముట్టుబట్టలోనే. నిజంగా ముట్టు లేని రోజున కోడి నెత్తురు నాలుగు చుక్కలు వేసుకునేది. ఏ నాకాబందీ దగ్గర ఏ వారం ముట్టయిందో మనసులో గుర్తు పెట్టుకునేది, ఒకే చోట నెలకు రెండుసార్లు కాకుండా. అంటు అంటు అని పుట్టినప్పటి నుంచి తనను మూల కూర్చోబెట్టిన మాటనే తీసుకుని సర్కారు తుపాకుల ముందు గోడలా నిలబెట్టింది. ఆ తెలివి ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు, దళంలో చదువుకున్నవాళ్ళకే తట్టలేదు. మొదటిసారి చెప్పినప్పుడు మగవాళ్ళంతా నేల చూపులు చూశారు, ఎర్రయ్య ఒక్కడే పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత అదొక మామూలు మాటైంది. "ఇయ్యాల నిజమా, ఉత్తదా?" అనేవాడు. "ఉత్తదే అన్నా" అనేది.

ఆ తర్వాత నిజం మొదలైంది. నెల మధ్యలో, అదను లేకుండా. వచ్చినందుకు ఆమె సంతోషపడింది! కోడి నెత్తురు బాధ తప్పింది, పనికొచ్చిందిలే అనుకుంది. ఎర్రయ్య అడిగితే "ఇయ్యాల నిజమేనన్నా" అంది, ఇద్దరూ నవ్వుకున్నారు. మూడు నెలలు అట్లా గడిచాయి. లోకంలో ఇంకే ఆడదైనా భయపడేది, ఎవరితోనన్నా చెప్పేది. కొమురమ్మ ఒక్కతే దాన్ని పనిముట్టు అనుకుని వాడుకుంది. డాక్టరమ్మ ఎన్ని నెలల నుంచి అని అడిగితే నోరు రాలేదు. ఏది ఉత్తదో ఏది నిజమో తనకే కలగాపులగం అయిపోయింది. ఊళ్ళో తెలిస్తే అనే మాట ఆమెకు తెలుసు: ముట్టు మీద అబద్ధమాడింది, అమ్మోరు తల్లి ఊరుకుంటుందా, ఆడిన అబద్ధమే ఒంట్లో దిగింది. వచ్చే దారిలో ఒక చోట నిజంగానే కూర్చుండిపోయింది, ఆ మాట బరువుకు. తప్పు చేశానా తల్లీ అని అడిగింది కూడా, శకునాలు విడిచిన మనిషి. అడిగి, కొంచెంసేపు అట్లాగే కూర్చుని, కోపం తెచ్చుకుంది. ఏం తప్పు? మా అవ్వ ఏ అబద్ధం ఆడింది? నాట్లలో వరుస కూడా వంకర పోనియ్యలేదు, ఆమెకెందుకొచ్చింది? నేను ఆడిన అబద్ధంతో పాలకుర్తి దారిలో పన్నెండుమంది ముందే తెలిసి తప్పించుకున్నారు. వాళ్ళ పిల్లలు ఈ పూట అన్నం తింటున్నారు. పుండు పుండే, దానికి పాపపుణ్యాలు తెలియవు. నా కడుపు అబద్ధమాడితే జనం కోసం ఆడింది. ఇట్లా అనుకుని లేచింది, లేచాక నడుము నొప్పి కూడా తగ్గినట్టనిపించింది.

పదకొండు. మందుల గది కిటికీలో దేవదాసు తల కనబడింది. కొమురమ్మ కొంచెం ముందుకు వంగింది, అతను చూస్తే కళ్ళతోనే అడుగుదామని. అతను చూశాడు, చూసి గబుక్కున తల దించుకున్నాడు. పోయినసారి కిటికీలోంచే పళ్ళికిలించిన మనిషి. టపా విప్పేది అతనే, ఇంగ్లీషు చదవడం వచ్చు. చదివాడన్నమాట. చదివాడు గనకే చూడలేకపోతున్నాడు. అయితే అదే. రాచపుండే. ఒక్కసారిగా వరండా, వరండాలో ఆడవాళ్ళు, ఎండ, అన్నీ కొంచెం దూరం జరిగినట్టయ్యాయి. అరచేతిలో బిళ్ళ గుచ్చుకుంటోంది. లేచిపోవచ్చు. ఒక బీడీ దాటింది కదా, కట్టుబాటు ప్రకారం లేచిపోవచ్చు. అప్పుడు మెట్ల దగ్గర బూట్ల చప్పుడు విని, ఎందుకు తల దించుకున్నాడో అర్థమైంది. ఖాకీ నిక్కరు, పైన మామూలు చొక్కా, అతను చేయి పట్టుకుని వెంట నడిపించుకొస్తున్న భార్య. ఇరవై ఏళ్ళు కూడా ఉండవు ఆ పిల్లకు, మొహం సున్నంలా తెల్లగా పాలిపోయి ఉంది. ఆయన గార్ల గేటు జమేదారు.

దేవదాసుది తన రోగం గురించిన దిగులు కాదు, జమేదారును చూసి భయం! కొమురమ్మకు ఎంత హాయి అనిపించిందంటే, పోలీసును చూసి ప్రాణం లేచి రావడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. తర్వాత గుర్తొచ్చింది, భయపడాల్సింది తనే అని. జమేదారు వచ్చి సరిగ్గా ఆమె ఎదుటి బల్ల మీద కూర్చున్నాడు. చూశాడు. ఆమె కూడా చూసింది, తల దించుకుంటే అనుమానం. అతని కళ్ళు ఆమె మొహం మీద నుంచి గోడ మీదికీ, గోడ మీద నుంచి తెర మీదికీ పోయాయి. గుర్తుపట్టలేదు. ఎట్లా పడతాడు? ఏడుసార్లు ఆ గేటు దాటింది, ఏడుసార్లూ అతను మొహం అటు తిప్పుకునే ఉన్నాడు. "ఏమ్మా, ఈ డాక్టరమ్మ హస్తవాసి మంచిదేనా?" అని అడిగాడు, బెజవాడ వైపు మాట. గొంతు సన్నగా ఉంది. మంచిదే నాయినా, అంది కొమురమ్మ. అతని బొటనవేలు భార్య చేతి మీద అటూ ఇటూ కదులుతూనే ఉంది. వాళ్ళూ రెండోసారి వచ్చినవాళ్ళేనని, సీసాలో పెట్టి పట్నం పంపించుకున్నవాళ్ళేనని ఆ వేలు చూస్తేనే తెలిసిపోయింది. జమేదారు గనక బిళ్ళ అక్కరలేదు, సుశీల తెర తీసి, "అయ్యగారూ, మీరొక్కరే లోపలికి రండి" అంది.

మీరొక్కరే. ఆ పిల్ల కూడా లేవబోయి, మళ్ళీ కూర్చుంది. తెర వెనక గుసగుసలు. పిల్ల చెవి అటే ఉంది, ఒళ్ళంతా చెవే అయింది. కొంచెం సేపటికి ఎదురుగా ఉన్నది కొమురమ్మ ఒక్కతే గనక ఆమెతోనే అంది: "ఏం చెబుతున్నారో అక్కా. పోయినసారి కూడా నన్ను బయటే కూర్చోబెట్టారు." నీ పేరేంది బిడ్డా అంటే కనకలక్ష్మి అంది. నెలల తరబడి నెత్తురు ఆగడం లేదట, ఇంట్లో ఎవరూ లేరట, కొత్త ఊరు, కొత్త మాట. "ఆయన ఇంటికొచ్చాక చెబుతారేమో. చెప్పరు లెండి. ఏం లేదు, నువ్వు భయపడకు అంటారు. అలా అన్నప్పుడే ఎక్కువ భయం." కొమురమ్మకు కొట్టంలో చాప మీది అవ్వ కనిపించింది. అవ్వ చెప్పలేదు, ఈ పిల్లకు చెప్పరు. ఎవరి కడుపులో సంగతి వాళ్ళకు తప్ప ఊరందరికీ తెలుస్తుంది. పోలీసువాడి పెళ్ళాం, తన వాళ్ళను కాల్చేవాళ్ళకు వంట చేసిపెట్టే మనిషి, అయినా ఆ పిల్ల చేయి పట్టుకోవాలనిపించింది. పట్టుకుంది. చల్లగా ఉంది. జమేదారు బయటికొచ్చాడు. వస్తూనే, "ఏం లేదు, ఏం లేదు, కాసేపు కూర్చో" అంటూ తనే దబ్బున కూర్చున్నాడు, టోపీ ఒళ్ళో పెట్టుకుని దాని లోపలికి చూస్తూ.

పన్నెండు, పదమూడు ఎప్పుడు పోయాయో తెలియలేదు. పద్నాలుగు, అన్నది సుశీల.

డాక్టరమ్మ బల్ల మీద కాగితం విప్పి ఉంది. కొమురమ్మ దానికేసి చూసింది, ఇంగ్లీషు చీమలు. డాక్టరమ్మ ఆమె వెనక్కి చూసింది, తెర దాకా. "నీ మగమనిషి ఏడి?"

"రాలేదమ్మా."

"తీసుకురమ్మన్నాను కదా. సరే, వచ్చే సోమవారం తీసుకురా, అప్పుడు మాట్లాడదాం." కాగితం మడవబోయింది.

కొమురమ్మ ఆ మడత మీద అరచేయి పెట్టింది. అట్లా పెడుతుందని తనకే తెలియదు. గడీలో గుమాస్తా ముందు, ఇక వెట్టికి రాము అని అందరికంటే ముందు అన్నప్పుడు కూడా మాట ఇట్లాగే తనంతట తానే వచ్చింది. "అమ్మా, నొప్పి ఆయనకు లేదు, నాకున్నది. పుండు నాది. నాకే జెప్పుండ్రి. విని ఉరికిపోయేదాన్ని గాదు. మంత్రగాని కాడికి పోను. పదిహేను కోసులు నడిచొచ్చిన, చెడ్డదని తెలిసే వచ్చిన. మగోళ్ళను తోలుకరమ్మన్ననాడే సగం తెలిసింది. మిగిలిన సగం జెప్పుండ్రి."

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఆ అరచేతిని చూసింది. తర్వాత కుర్చీ చూపించింది, కూర్చోమని. ఆ కుర్చీ మగవాళ్ళ కోసం వేసిందే. "మంచి పుండు కాదు" అంది. "రాచపుండే, మొదలవుతోంది. కానీ విను. పైపైనే ఉంది, లోపలికి దిగలేదు. గర్భసంచి తీసేస్తే బతుకుతావు. నువ్వింకో ఏడాది ఆగి వచ్చి ఉంటే నేనీ మాట చెప్పగలిగేదాన్ని కాదు."

అయిపోయింది, వినేసింది. విన్నాక ఇంకా కుర్చీలోనే ఉంది, పడిపోలేదు. ఇరవై రెండు రోజులు ఎన్ని రూపాల్లో ఊహించిందో, అన్నిటికంటే ఈ నిజమే చిన్నదిగా ఉంది. గోరంత. పేరున్నది, చోటున్నది, తీసేయడానికి కత్తి ఉన్నది. "ఎప్పుడు చేస్తరు? నడుసుటానికి ఎన్నాళ్ళు పడ్తది?" అని అడిగింది.

"వచ్చే బుధవారం. నెల రోజులు మంచం, ఆర్నెల్లు బరువు మోయొద్దు. నీకు భయం వేయడం లేదూ?"

"ఎందుకెయ్యదమ్మా, శాన భయమైతున్నది" అంది కొమురమ్మ. "ఐనా జర మంచిగున్నది, తెలిసినంక."

తెర తీసుకుని బయటికొచ్చేసరికి వరండా అంతా తన మొహమే చూస్తున్నట్టుంది. మందుల గది కిటికీలో దేవదాసు, ఈసారి తల దించుకోలేదు. జమేదారు ఇంకా టోపీలోనే చూస్తున్నాడు. కనకలక్ష్మి ఒక్కతే సగం లేచి, గొంతు తగ్గించి అడిగింది: "ఏమన్నారక్కా?" ఆడవాళ్ళు అడిగినట్టే అడిగింది, చెవిలో చెబితే చాలన్నట్టు. కొమురమ్మ కూడా చెవిలోనే చెప్పబోయింది. మూడేళ్ళుగా గుసగుసల్లో బతికిన మనిషి, చిట్టీలను మింగనైనా మింగేది గానీ మాట బయటపెట్టేది కాదు. చెప్పబోయి, నిటారుగా నిలబడింది.

"రాచపుండట బిడ్డా" అంది, వరండా చివరి మనిషికి కూడా వినబడేటట్టు. "గర్భసంచి మూతికి. గోరంతే ఉన్నదట. బుధవారం కోసి తీస్తరట, బతుకుతనట. మా అవ్వకు గదే వచ్చింది, ఆమె ఎవరికీ జెప్పలే, ఆమెకెవరూ జెప్పలే. నేను అడిగిన, నాకు జెప్పిండ్రు."

ఒకామె నోటి మీద చేయి పెట్టుకుంది. ముసలామె ఒకతె, అయ్యో, అంత మాట బజార్న పెట్టవడితివే అని గొణిగింది. కొమురమ్మకు మొహం వేడెక్కింది, అయినా ఏ మాటా వెనక్కి తీసుకోవాలనిపించలేదు. ఆ మాటలు అన్న నోరు తనదేనని గర్వంగా ఉంది. దళంలో ఎన్ని సభల్లో మాట్లాడిందో, దేనికీ ఇంత గర్వపడలేదు.

కనకలక్ష్మి మొగుడి వైపు చూసింది. అతను తల ఎత్తకుండానే, "ఏం లేదని చెప్పాను కదా, పద ఇంటికి పోదాం" అన్నాడు. ఆ పిల్ల చేయి మెల్లగా విడిపించుకుంది. గోడ పట్టుకుని నడిచి, తెర దగ్గర ఆగి, ఊపిరి పీల్చుకుని, తెర పక్కకు జరిపింది. "అమ్మా, ఆయనకు చెప్పింది నాకూ చెప్పండి" అంది లోపలికి పోతూ.

జమేదారు గబుక్కున లేచాడు. టోపీ కింద పడింది. కొమురమ్మ అతనికీ తెరకూ మధ్య నిలబడి ఉంది.

"కూసో నాయినా" అంది. "ఆమెకు తెలువనియ్యి."

జమేదారు కూర్చున్నాడు.